రాత్రి రెండింటికి కరెంటు పోతే: ఇంట్లో పెద్ద రీఫ్ ట్యాంకు ఏర్పాటు

(డాలస్ ప్రాంతంలోని తెలుగు అక్వేరియం అభిమానుల కోసం చేసిన ప్రసంగం, అక్షర రూపంలో)

అందరికీ నమస్కారం.

రీఫ్ ట్యాంకు (పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీటి అక్వేరియం) మాట ఎత్తగానే ఎవరైనా మొదట అడిగేది ఎన్ని గ్యాలన్లది కొనాలి, ఏ లైటు బాగుంటుంది అని. ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టి, ఈ ప్రశ్నతో మొదలుపెడదాం. రాత్రి రెండింటికి, ఇంటిల్లిపాదీ నిద్రలో ఉండగా కరెంటు పోయింది. పైన ట్యాంకులో నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎన్ని లీటర్లు పోతాయి? చేపలకు ఊపిరి ఎలా అందుతుంది? నాలుగింటికి కరెంటు తిరిగొచ్చాక ఏది ముందు తిరగాలి, ఏది కాసేపు ఆగాలి? వీటికి కాగితం మీద జవాబు రాసుకున్నాకే ట్యాంకు కొనండి. ఎందుకంటే పెద్ద ట్యాంకుల్లో ప్రాణనష్టం ఎక్కువగా జరిగేది పగడాల గురించి తెలియక కాదు. పంపు ఆగినప్పుడో, వాల్వు మూసుకుపోయినప్పుడో, హీటరు ఆగకుండా కాలుతున్నప్పుడో జరుగుతుంది.

లెక్కలకు వీలుగా ఒకే కొలత తీసుకుందాం: 72 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 24 ఎత్తు. బజారులో 180 గ్యాలన్ల ట్యాంకు అంటారు. లీటర్లలో 680. ఇంట్లో పెద్ద రీఫ్ పెట్టాలనుకునేవారికి ఇది మంచి కొలత. ఎత్తు 24 అంగుళాలు దాటితే చెయ్యి అడుగుకు అందదు, కింద వెలుతురు చాలదు, అద్దం మందం పెంచాలి. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు నుంచి వెనకకు ఉండే వెడల్పు మీద పెట్టండి. 18 అంగుళాల వెడల్పులో రాళ్ళు గోడ కట్టినట్టు నిలబడతాయి. 24 ఉంటే రాళ్ళ వెనక నుంచీ నీళ్ళు తిరుగుతాయి.

ఇక బరువు. ఖాళీ గాజు ట్యాంకే దాదాపు 150 కిలోలు. రాళ్ళూ ఇసుకా పోగా అందులో పట్టే ఉప్పునీళ్ళు 600 లీటర్లు, అంటే 615 కిలోలు. రాయి 45, ఇసుక 50, స్టాండు 80, కింద సంపు (స్టాండులో ఉండే శుద్ధి తొట్టి) నీళ్ళతో కలిపి 120. మొత్తం టన్ను పైమాటే. ఈ బరువంతా 12 చదరపు అడుగుల మీద నిలబడుతుంది, అంటే చదరపు అడుగుకు 190 పౌండ్లకు పైగా. అమెరికా ఇళ్ళలో గది నేలను చదరపు అడుగుకు 40 పౌండ్ల లెక్కన కడతారు. ఆ 40 గది మొత్తానికి సగటు కాబట్టి వెంటనే కూలిపోదు గానీ, పై అంతస్తులో చెక్క దూలాలు కొద్దికొద్దిగా వంగుతాయి. నేల వంగితే స్టాండు మెలి తిరుగుతుంది, ఆ ఒత్తిడి అద్దం అతుకుల మీద పడుతుంది. పై అంతస్తులో పెట్టక తప్పదంటే బరువు మోసే గోడ పక్కన, దూలాలకు అడ్డంగా, ఎక్కువ దూలాల మీదుగా వచ్చేలా పెట్టండి. ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

ఇక్కడ మనకు బేస్‌మెంట్లు లేవు. ఇంటి కింద కాంక్రీటు స్లాబు, దాని కింద నల్లరేగడి. గుంటూరు, కర్నూలు వైపు పొలాలు చూసినవారికి ఆ మట్టి తీరు చెప్పక్కర్లేదు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. టెక్సాస్ ఉత్తర భాగంలోదీ అదే గుణం. ఏడాదిలో రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి, ట్యాంకు మీద లెవెల్ పెట్టి చూడండి. ఆరడుగుల పొడవులో 3 మిల్లీమీటర్లు దాటి తేడా ఉంటే పట్టించుకోవాలి. నీళ్ళు నిండిన ట్యాంకు కింద చెక్కలు దూర్చడం మాత్రం ప్రమాదం, నీళ్ళు తీసి సరిచేయాలి. ఇంకొకటి, చాలా ఇళ్ళ స్లాబుల్లో బిగించిన ఉక్కు తీగలుంటాయి. పైపు కోసమో స్టాండు బిగించడం కోసమో నేలకు డ్రిల్లు పెట్టకండి.

ఇప్పుడు అసలు విషయం, సంపు. పై ట్యాంకులో నీళ్ళు అంచు దాటి ఓవర్‌ఫ్లో పెట్టెలోకి పడతాయి, పైపుల్లో కిందికి దిగుతాయి, సంపులో శుభ్రమై రిటర్న్ పంపు ద్వారా పైకి వెళతాయి. సంపు 36 అంగుళాల పొడవు, 16 వెడల్పు, 16 ఎత్తు అనుకుందాం. నిండా పోస్తే 151 లీటర్లు. పని చేస్తున్నప్పుడు 23 సెంటీమీటర్ల ఎత్తున నీళ్ళుంటే 86 లీటర్లు. మిగిలిన ఖాళీ 65. ఈ అంకె గుర్తుంచుకోండి.

పంపు ఆగింది. పై ట్యాంకు నీటి వైశాల్యం 183 సెంటీమీటర్లు ఇంటూ 61. అంటే నీటిమట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 11 లీటర్లు కిందికి వస్తాయి. రిటర్న్ నాజిల్ (నీళ్ళు ట్యాంకులోకి వచ్చే గొట్టం మొన) నోరు నీటిమట్టానికి 3 సెంటీమీటర్ల కింద ఉందనుకోండి. పంపు ఆగగానే ఆ పైపే వెనక్కి పీల్చే గొట్టమవుతుంది. నోటిలోకి గాలి దూరేదాకా, అంటే మూడు సెంటీమీటర్లు దిగేదాకా పీలుస్తూనే ఉంటుంది: 33 లీటర్లు. ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్నవి ఓ 10, పైపుల్లోవి 4. మొత్తం 47. ఖాళీ 65 ఉంది కాబట్టి ఇల్లు పొడిగా ఉంటుంది. అదే నాజిల్, ఎవరో ఇసుక వైపు నీళ్ళు బాగా కొట్టాలని 8 సెంటీమీటర్ల లోతుకు తిప్పారు. 88, దానికి 14 కలిపితే 102. సంపు 65 పట్టుకుంటుంది, 37 లీటర్ల ఉప్పునీళ్ళు తెల్లారేసరికి చెక్క నేల కింద ఉంటాయి. తేడా అంతా ఆ ఐదు సెంటీమీటర్లలోనే ఉంది.

దీనికి చెక్ వాల్వు (నీళ్ళను ఒకే దిక్కుకు పోనిచ్చేది) పెడితే సరిపోదా అని అడుగుతారు. కొత్తలో పనిచేస్తుంది. ఆర్నెల్లకు దాని రెప్ప మీద సున్నం పేరుకుంటుంది, లేదా చిన్న నత్త ఒకటి ఇరుక్కుంటుంది, రెప్ప పూర్తిగా మూసుకోదు. నాజిల్ పైన చిన్న రంధ్రం పెట్టడం కూడా మంచిదే గానీ ఆ రంధ్రంలో నాచు పెరుగుతుంది. నీటిమట్టానికి దగ్గరగా నాజిల్ పెట్టడం ఒక్కటే ఏ భాగం మీదా ఆధారపడని ఏర్పాటు. మిగతావి దానికి తోడుగా పెట్టుకోండి.

రెండో లెక్క దీనికి తలకిందులు. కరెంటు ఉంది, పంపు తిరుగుతోంది, దిగే పైపు మూసుకుపోయింది. అప్పుడు సంపులో రిటర్న్ అరలో ఉన్న నీళ్ళన్నీ పైకి వెళతాయి. ఆ అరలో 25 లీటర్లుంటే పై ట్యాంకు 2.2 సెంటీమీటర్లు పెరుగుతుంది. కాబట్టి పై అంచుకూ నీటిమట్టానికీ మధ్య కనీసం 3 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రిటర్న్ అర అవసరానికి మించి పెద్దది కాకూడదు. ఈ రెండు లెక్కలూ ఎవరి ట్యాంకుకు వారు చేసుకోవాలి. ట్యాంకు నిలబెట్టాక మామూలు కుళాయి నీళ్ళు నింపి, పంపు ఆపి, మళ్ళీ నడిపి, దిగే పైపును చేత్తో మూసి, మూడు రకాలుగానూ పరీక్షించాలి. 48 గంటలు నీళ్ళతో అలాగే ఉంచి, ప్రతి అతుకూ పొడి కాగితపు తువాలుతో తడిమి చూడండి. ఒక చుక్క తడి కూడా కాగితం మీద కనిపిస్తుంది.

దిగే పైపుల విషయంలో మాత్రం రాజీ పడకండి. ఒకే పైపు పెడితే గడగడమని చప్పుడు చేస్తుంది, మూసుకుపోతే ఇంకో దారి లేదు. పెద్ద ట్యాంకుకు మూడు పైపుల పద్ధతి, బీన్ ఆనిమల్ అంటారు, నమ్మకమైనది. మూడూ ఒకటిన్నర అంగుళాలవి. మొదటిది పూర్తిగా నీళ్ళతో నిండి, గాలి లేకుండా పీల్చే పైపు. దానికి గేట్ వాల్వు పెట్టి ప్రవాహం సరిచేస్తాం. బాల్ వాల్వు వద్దు, దాన్ని వెంట్రుకవాసి తిప్పడం సాధ్యం కాదు. రెండో దానిలో సన్నటి ధార మాత్రం పారుతుంది, హెచ్చుతగ్గులు అది సర్దుకుంటుంది. మూడోది ఎప్పుడూ పొడిగా ఉండాలి. దానిలో నీళ్ళ చప్పుడు వినిపించిందంటే మొదటి పైపులో ఏదో అడ్డం పడిందని అర్థం, ఇల్లు తడవకముందే తెలుస్తుంది. మొదటి పైపు చివర సంపు నీళ్ళలో రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే మునగాలి. ఎక్కువ మునిగితే పంపు తిరిగి మొదలైనప్పుడు లోపలి గాలి బయటికి పోలేక పీల్పు అందుకోదు. పగలు చక్కగా నడిచిన ట్యాంకు రాత్రి కరెంటు పోయి వచ్చాక పొంగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పీవీసీ పైపు అతికించే ముందు అంతా జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూడండి. పంపుకు, వాల్వుకు ఇరుపక్కలా యూనియన్లు (మర తిప్పి విప్పే జోడింపులు) ఉంటే తర్వాత విప్పి కడగవచ్చు. లేకపోతే పైపు కొయ్యాల్సిందే. గాజు రంధ్రంలో పైపును పట్టి ఉంచే బల్క్‌హెడ్‌కు రబ్బరు వాషరు అంచు వైపు రావాలి, నట్టు వైపు కాదు. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు చాలు.

రిటర్న్ పంపు ఎంత పెద్దది? సంపు గుండా గంటకు ట్యాంకు నీళ్ళకు మూడు నుంచి ఐదు రెట్లు తిరిగితే సరిపోతుంది. అంటే 2,000 నుంచి 3,400 లీటర్లు, ఎత్తుకు ఎక్కేటప్పుడు పోయే బలం తీసేశాక. పంపు డబ్బా మీద రాసినది ఎత్తు లేనప్పటి అంకె, దాన్ని నమ్ముకోవద్దు. పగడాలకు కావలసిన అసలు అలజడి లోపలి వేవ్ పంపుల నుంచి రావాలి. గంటకు 20 నుంచి 40 రెట్లు. రెండు వేవ్ పంపులు ఎదురెదురు పక్కల పెట్టి, వంతులవారీగా బలం మారేలా చేయండి. ఒకే దిక్కు నుంచి తెరిపి లేకుండా కొడితే పగడం ఆ పక్క మాంసం కోల్పోతుంది.

కరెంటు విషయానికి వద్దాం. హీటర్లు రెండు కలిపి 600 వాట్లు, లైట్లు 400, రిటర్న్ 70, వేవ్ పంపులు 80, నురగతో మురికి తీసే స్కిమ్మరు 30, నీళ్ళు చల్లబరిచే చిల్లరు ఉంటే 450. మొత్తం 1,600 దాటింది. ఇక్కడి 15 ఆంపియర్ల సర్క్యూటు మీద నిరంతరం తీసుకోదగింది 1,440 వాట్లు. కాబట్టి ఈ ట్యాంకుకు రెండు వేరువేరు సర్క్యూట్లు కావాలి. రెండింటికీ జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ) తప్పనిసరి, ఉప్పునీళ్ళ దగ్గర చేతులు పెట్టే పని ఇది. కానీ అన్నిటినీ ఒకే జీఎఫ్‌సీఐ మీద వేస్తే, ఏ పాత హీటరులోనో చిన్న లీకేజీ వచ్చినా మొత్తం ట్యాంకు ఆగిపోతుంది. ఇలా పంచండి: మొదటి దాని మీద రిటర్న్ పంపు, ఒక హీటరు, లైట్లు. రెండో దాని మీద రెండు వేవ్ పంపులు, రెండో హీటరు, స్కిమ్మరు, చిల్లరు. ఏది పడిపోయినా నీళ్ళు కదులుతూ ఉంటాయి, కొంత వేడీ ఉంటుంది. ప్రతి వైరూ ప్లగ్గుకు చేరేముందు కిందికి వేలాడి, మళ్ళీ పైకి రావాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

ఒకే పెద్ద హీటరుకు బదులు 300 వాట్లవి రెండు ఎందుకంటే, హీటర్లు చెడిపోయేటప్పుడు ఆగిపోవడమే కాదు, ఆగకుండా కాలడం కూడా మామూలే. 600 వాట్ల హీటరు అలా అతుక్కుపోతే ట్యాంకు ఉడికిపోతుంది. 300 వాట్లది అతుక్కుంటే 700 లీటర్ల నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి, గమనించడానికి సమయం ఉంటుంది. పైన ఇంకో ఉష్ణోగ్రత కంట్రోలరు పెట్టండి. హీటరు సొంత థర్మోస్టాటు 27 డిగ్రీల దగ్గర, కంట్రోలరు 25.5 దగ్గర ఉండాలి. మొదటిది కాపలా, రెండోది రోజువారీ పని.

కరెంటు పోయినప్పుడు చేపలను ముందు చంపేది ఆక్సిజన్ కొరత, చలి తర్వాత. నీటి పైపొర కదిలితే చాలు, ఊపిరి అందుతుంది. అందుకే బ్యాటరీ వేవ్ పంపులకు ఇవ్వండి, రిటర్న్‌కు వద్దు. డీసీ వేవ్ పంపును తక్కువ వేగంలో నడిపితే పది వాట్ల లోపే తింటుంది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో దాదాపు 1,280 వాట్ అవర్లుంటాయి. రెండు పంపులను రెండు రోజులకు పైగా నడపగలదు. కంప్యూటరు పక్కన పెట్టుకునే యూపీఎస్ మీద రిటర్న్ పంపు నడిపితే అరగంటో గంటో. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు తుఫానుకు రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోనూ అంతే. గంటల లెక్కన కాకుండా రోజుల లెక్కన సిద్ధం కావాలి. 2,000 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటరు ఉంటే ఒక హీటరు, పంపులు నడుస్తాయి. జనరేటరు ఇంటి బయట, కిటికీలకు దూరంగా ఉండాలి. గ్యారేజీలో పెడితే, తలుపు తెరిచి ఉన్నా దాని పొగ మనుషుల ప్రాణాలు తీస్తుంది. చలిలో ట్యాంకుకు చుట్టూ దుప్పట్లు చుట్టండి, పైన కొంచెం తెరిచి ఉంచండి.

కరెంటు తిరిగొచ్చినప్పుడు ఇంకో చిక్కు. సంపులో నీటిమట్టం ఎత్తుగా ఉంటుంది, స్కిమ్మరు వెంటనే తిరిగితే నురగ కప్పు పొంగి, అప్పటిదాకా కూడబెట్టిన మురికంతా మళ్ళీ నీళ్ళలోకి పోతుంది. రిటర్న్ ముందు, స్కిమ్మరు పది నిమిషాల తర్వాత మొదలయ్యేలా కంట్రోలరులో ఆలస్యం పెట్టండి.

(సభలో ఒకరు: స్కిమ్మరు కొనేటప్పుడు డబ్బా మీది గ్యాలన్ల లెక్క చూడాలా?)

అది తక్కువ చేపలున్న ట్యాంకు లెక్కండీ. మన ట్యాంకుకు 200 నుంచి 300 గ్యాలన్లదని రాసి ఉన్నది తీసుకోండి. అంతకంటే ముఖ్యం, అది నిలబడే అరలో నీటిమట్టం ఎప్పుడూ మారకూడదు. చాలా స్కిమ్మర్లకు 18 నుంచి 23 సెంటీమీటర్లు కావాలి, ఆ ఎత్తులో అడ్డుగోడ ఉన్న సంపు తీసుకోండి. ఇంకో మాట. ఇక్కడ ఇళ్ళు ఏసీ కోసం గట్టిగా మూసి ఉంటాయి, లోపల మనం వదిలే కార్బన్ డయాక్సైడు పేరుకుంటుంది. ఆ గాలి పీల్చే స్కిమ్మరు వల్ల పీహెచ్ 7.8 దగ్గరే నిలిచిపోతుంది. స్కిమ్మరు గాలి గొట్టాన్ని గోడ గుండా బయటికి పెడితే చాలా ఇళ్ళలో 8.1 దాకా లేస్తుంది. పైసా ఖర్చు లేని పని, పీహెచ్ పెంచే మందుల జోలికి పోకముందు ఇది చేయండి.

నీళ్ళు. కుళాయి నీళ్ళు నేరుగా వాడకూడదు. ఆర్వో డీఐ యూనిటు (సన్నటి పొరతో, రెసిన్ తో నీళ్ళను శుద్ధి చేసేది) కావాలి, చివర టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న లవణాల కొలత) సున్నా చూపించాలి. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో నీటిని క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్‌తో శుద్ధి చేస్తారు. కార్బన్ ఫిల్టరు క్లోరమైన్‌ను విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా మిగులుతుంది, దాన్ని చివరి డీఐ రెసిన్ పట్టుకుంటుంది. అందుకని ఒకటి కాదు, రెండు కార్బన్ బ్లాకులు పెట్టి, డీఐ అయిపోకముందే మార్చాలి. టీడీఎస్ మీటరు క్లోరమైన్‌ను చూపించదు, టోటల్ క్లోరిన్ స్ట్రిప్పుతో విడిగా చూడాలి. రోజుకు 75 గ్యాలన్ల మెంబ్రేను అయితే మొదటిసారి నింపడానికి మూడు రోజులు పడుతుంది. వృథా నీళ్ళు మూడు నాలుగు రెట్లు వస్తాయి, వాటిని తోటకు మళ్ళించండి. నీటి ఒత్తిడి 50 పీఎస్ఐ కన్నా తక్కువుంటే బూస్టరు పంపు కావాలి. హైదరాబాదులో బోరు నీళ్ళతో చేసేవారికి అది లేకుండా కుదరదు.

ఉప్పు లీటరుకు దాదాపు 37 గ్రాములు, 700 లీటర్లకు 26 కిలోలు. ఉప్పదనం 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళలో 35. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును శుద్ధమైన నీళ్ళతో సరిచేస్తే సున్నా దగ్గర సరిగ్గా ఉండి, 35 దగ్గర తప్పు చూపవచ్చు. 35 పీపీటీ ద్రావణంతోనే సరిచేయండి.

ఈ ట్యాంకులో రోజుకు 6 లేదా 7 లీటర్లు ఆవిరవుతాయి. ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి మంచినీళ్ళే తిరిగి పోయాలి, దానికి ఆటో టాప్ ఆఫ్, అంటే నీటిమట్టం తగ్గిందని సెన్సారు చెప్పగానే డబ్బాలోంచి మంచినీళ్ళు పోసే పంపు. ఆ సెన్సారు మీద నత్త కూర్చుంటే పంపు ఆగదు. డబ్బా 50 లీటర్లదైతే మొత్తం పడిపోయినా ఉప్పదనం 35 నుంచి 32.7కు దిగుతుంది. పగడాలు ముడుచుకుంటాయి, బతుకుతాయి. ఆర్వో యూనిటు నుంచి నేరుగా సంపుకు గొట్టం కలిపితే దానికి హద్దు ఉండదు, ట్యాంకు చప్పబడిపోతుంది, ఇల్లు మునుగుతుంది. కలపకండి.

ఇక పగడాల ఆహారం. పగడం తన ఎముక గూడు కట్టుకోవడానికి నీళ్ళలోంచి కాల్షియంనూ క్షారతనూ తీసుకుంటుంది. మనవాళ్ళు క్షారతను ఆల్క్ అనే అంటారు, అలాగే అందాం. ఆల్క్ 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారత కొలిచే ప్రమాణం), కాల్షియం 420 నుంచి 440 పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు), మెగ్నీషియం 1,300 నుంచి 1,350, నైట్రేటు 5 నుంచి 15, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1. ఈ అంకెల్లో ఏది ఎంత అనే దానికన్నా, నిన్నటికీ ఈ రోజుకీ తేడా ఎంత అన్నదే పగడానికి ముఖ్యం. ఆల్క్ రోజులో అరపాయింటు దాటి కదలకూడదు. నైట్రేటు, ఫాస్ఫేటు బాగా తక్కువగా ఉండి ఆల్క్ 10 దాటితే కొమ్ముల పగడాల చివర్లు తెల్లగా కాలిపోతాయి. ఆ రెండూ సున్నాకు పడిపోతే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు, బుడగలు పట్టిన గోధుమరంగు జిగురులా, ఇసుకంతా ఆక్రమిస్తాయి. శుభ్రం శుభ్రం అని అతిగా చేసిన ట్యాంకులకు వచ్చే జబ్బు అది.

ఆల్క్, కాల్షియం రెండూ ఒకేసారి ఇచ్చే అతి పాత పదార్థం మనందరికీ తెలుసు: సున్నపు తేట. ఈ హాబీలో దాన్ని కాల్క్‌వాసర్ అంటారు. జర్మన్ మాట, అర్థం సున్నపు నీళ్ళనే. తాంబూలం సున్నం మాత్రం వద్దు, అందులో ఏం కలిసి ఉందో తెలియదు. ఆహార నాణ్యత గల కాల్షియం హైడ్రాక్సైడు పొడి తీసుకుని, లీటరు ఆర్వో నీళ్ళకు 2 గ్రాముల లోపు కలిపి, మూతపెట్టి ఉంచితే అడుగున తెల్లటి మడ్డి, పైన తేట. పైతేటనే వాడాలి. గాలి తగిలితే తేట మీద సన్నటి మీగడలా పొర కడుతుంది, పాలు కాచి చల్లార్చినట్టే ఉంటుంది. ఆ పొర కట్టిన మేరకు సున్నం బలం పోయినట్టే. చేతికి, కంటికి తగలనివ్వకండి, కాలుతుంది.

లెక్క చూడండి. 700 లీటర్ల ట్యాంకు రోజుకు 1 డీకేహెచ్ వాడుకుంటోందనుకుందాం. నిండు సున్నపు తేట 6 లీటర్లు దాన్ని సరిగ్గా పూరిస్తుంది. రోజూ ఆవిరయ్యేదీ దాదాపు అంతే. పగడాలు పెరిగి రోజుకు 2 డీకేహెచ్ తింటే తేట ఒక్కటీ చాలదు, పైన టూ పార్ట్ (ఆల్క్ కోసం ఒకటి, కాల్షియం కోసం ఒకటి) ద్రావణాలు కావాలి. ఆ అదనపు 1 డీకేహెచ్‌కు వంటసోడా లెక్కలో 21 గ్రాములు, దానికి జతగా 5 గ్రాముల కాల్షియం వచ్చేంత కాల్షియం క్లోరైడు. రెండింటినీ ఒకే చోట, ఒకేసారి పోస్తే నీళ్ళు పాలలా తెల్లబడి అడుగుకు చేరతాయి, ఇచ్చింది వృథా. అరగంట ఎడం పెట్టండి.

తేటను టాప్ ఆఫ్ డబ్బాలో కలిపేసి సెన్సారుకు వదిలేయడం మాత్రం వద్దు. ఇందాక చెప్పిన 50 లీటర్ల ప్రమాదమే తేటతో జరిగితే ఆల్క్ 8.5 నుంచి 16కు ఎగురుతుంది, పీహెచ్ ఆకాశానికంటుతుంది, ట్యాంకులో ఏదీ మిగలదు. తేటకు విడిగా డోసింగ్ పంపు, విడిగా 10 లీటర్ల డబ్బా పెట్టండి. మొత్తం పడిపోయినా ఒకటిన్నర డీకేహెచ్ దగ్గర ఆగుతుంది.

లైట్ల గురించి తక్కువే చెబుతాను, దీని మీద ఇప్పటికే వాదోపవాదాలు చాలా ఉన్నాయి. ఆరడుగులకు మంచి ఎల్ఈడీలు మూడు. మెత్తటి పగడాలకు, పెద్ద నోటి పగడాలకు పార్ (పగడాలకు పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 150, కొమ్ముల పగడాలకు 200 నుంచి 350. పార్ మీటరు కొననక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది, ఒక సాయంత్రం కొలిచి రాసుకోండి. మొదట 40 శాతంతో మొదలుపెట్టి ఐదారు వారాల్లో పెంచండి. కొత్త పగడం మసకబారి గోధుమరంగుకు వస్తే తేరుకుంటుంది, ఎక్కువ వెలుగుకు తెల్లబోతే తేరుకోవడం కష్టం.

రాళ్ళు ట్యాంకు అడుగు మీద నేరుగా నిలబడాలి, ఇసుక తర్వాత పోయాలి. ఇసుక మీద రాయి పెడితే కింద గోబీ చేపలు సొరంగాలు తవ్వుతాయి, రాయి జారి అద్దానికి కొట్టుకుంటుంది. అద్దానికీ రాయికీ మధ్య అరచెయ్యి పట్టేంత, 10 సెంటీమీటర్లు వదలండి. 1961లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ ఒక సంగతి రాశారు: సముద్రం నుంచి తెచ్చిన రాళ్ళలోని జీవమే నీటిని శుద్ధి చేస్తుందని. ఇప్పుడు ఎండిన రాళ్ళతో మొదలుపెట్టేవారు ఆ జీవాన్ని కొద్దిగానైనా, రెండు మూడు కిలోల మంచి లైవ్ రాయితోనైనా తెచ్చి పెట్టండి. ఆ జీవం పనిచేస్తోందో లేదో చూడటానికి అమ్మోనియా 2 పీపీఎం వేసి, అది 24 గంటల్లో సున్నాకు వచ్చేదాకా, మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు, చేప వేయకండి. తర్వాత గోధుమరంగు బూజు, నాచు వస్తాయి. రావాల్సినవే. ఓపిక పట్టలేక మందులు పోసేవాళ్ళ ట్యాంకులే ఎక్కువ కాలం అలా ఉండిపోతాయి.

పాత రాళ్ళను శుభ్రం చేయడానికి ఎప్పుడూ వేడినీళ్ళలో ఉడికించకండి. వాటి మీద జోయాంథిడ్లు (పగడాల్లాంటి మెత్తటి జీవులు) ఉంటే పాలిటాక్సిన్ అనే విషం ఆవిరిలో కలిసి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేస్తుంది. గ్లవ్సు, కళ్ళద్దాలు లేకుండా వాటిని కొయ్యవద్దు.

ప్రతి చేపా విడి ట్యాంకులో కనీసం నెల రోజులుండాలి. వెల్వెట్ అనే జబ్బు పెద్ద ట్యాంకులోకి వస్తే రెండు మూడు రోజుల్లో ఖాళీ చేస్తుంది. రాళ్ళున్న చోట రాగి మందు వాడలేం, వెన్నెముకలేని జీవాలన్నీ చస్తాయి. అప్పుడు చేపలన్నీ పట్టి, ట్యాంకును వారాల తరబడి చేపల్లేకుండా ఉంచడమే గతి. 40 లీటర్ల విడి ట్యాంకు, ఒక స్పాంజి ఫిల్టరు, రెండు పీవీసీ ముక్కలు, చిన్న చేపకు ఇంతే కావాలి. యెల్లో టాంగు చేపను 2015లో హవాయిలో మొదటిసారి గుడ్ల నుంచి పెంచారు. ఇప్పుడు పెంచినవి దొరుకుతున్నాయి, ఖరీదెక్కువైనా అవే తీసుకోండి.

(సభలో ఒకరు: హైదరాబాదులో మా అన్నయ్య ఇంట్లో ఇదంతా పెట్టొచ్చా అండీ?)

ట్యాంకు పెట్టొచ్చు. పగడాల దగ్గర చట్టం ఉంది. మన దేశంలో 2001లో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్లు), సీ కుకుంబర్లను వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు, అంటే పులికి ఉన్న రక్షణే. సముద్రపు గుర్రాలకూ రక్షణ ఉంది. దుకాణంలో అమ్ముతున్నారని కొంటే కొన్నవారూ నేరస్థులే. రామేశ్వరం వైపు నుంచి తెచ్చిన రాయి అని ఎవరైనా చెబితే ముట్టుకోకండి. పెంచిన క్లౌన్ చేపలు, డామ్సెల్స్, కృత్రిమ రాళ్ళతో ఆరడుగుల చేపల ట్యాంకు ఎంతో అందంగా ఉంటుంది. ఇందాకటి లెక్కలన్నీ దానికీ వర్తిస్తాయి. జీఎఫ్‌సీఐ బదులు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని లైను ఒకటి వేవ్ పంపులకు. అపార్టుమెంటు స్లాబుకు చదరపు మీటరుకు 200 కిలోల లెక్క ఉంటుంది, ట్యాంకును బీము మీదుగా గోడవారన పెట్టించండి.

(ఇంకొకరు: నాలుగు వారాలు ఇండియా వెళ్తే?)

బయలుదేరే ముందు రెండు నెలల్లో కొత్త చేప, కొత్త పగడం, కొత్త యంత్రం ఏదీ చేర్చకండి. రోజుకు 6 నుంచి 7 లీటర్ల ఆవిరి, 28 రోజులకు 170 నుంచి 200 లీటర్లు. టాప్ ఆఫ్ డబ్బా 50 లీటర్లే కాబట్టి వారానికోసారి నింపే మనిషి కావాలి. డబ్బా పెద్దది చేయకండి, మనిషినే పిలవండి, వారానికోసారి ఎవరో ఒకరు చూడటం ఎలాగూ అవసరం. మేతను మందుబిళ్ళల డబ్బాలో రోజుకొక గడిగా పెట్టి ఇవ్వండి. చేపలను చూసి జాలిపడి ఎక్కువ వేయడం వల్లనే సాయానికి వచ్చినవాళ్ళ చేతుల్లో ట్యాంకులు పాడవుతాయి. గోడకు ఒక కాగితం అంటించండి. రిటర్న్ ప్లగ్గుకు ఎర్ర టేపు. స్కిమ్మరు ప్లగ్గుకు పసుపు టేపు. సంపు పక్కన రెండు గీతలు, పంపు నడిచేటప్పటి మట్టం ఒకటి, ఆగినప్పటి మట్టం ఒకటి. కాగితం మీద మొదటి వరుసలో ఇంతే రాయండి: కరెంటు పోయి వస్తే సంపులో నీళ్ళు కింది గీతకు దిగాయో లేదో చూడు, దిగకపోతే ఎర్ర టేపు ప్లగ్గు తీసి ఈ నంబరుకు ఫోన్ చెయ్యి.